నీలిమందు చిటికెడే ఎయ్యాలె బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన కథ తమ్ముడు రెండు రాత్రులు కూసొని తెలుగుల చెప్పుకుంట చదివిండు, అమ్మ సగంల నిద్రపోయింది గని నేను మొత్తం విన్న. ఫోన్ల చెప్దామంటే నీకు ఆఫీసు టైము నాకు ఇస్త్రీ టైము, అందుకే వాట్సాప్ల ఇట్ల పొడుగు ఉత్తరం టైప్ చేస్తున్న, తప్పులుంటే సర్దుకో.

1881ల అట్లాంటా, బట్టలుతికే నల్లామె, చేతిల హూడూ మంత్రం (ఆడి నల్లోళ్ల నాటు మంత్రం), ఒక ఖూనీ. మస్తుగుంది. నువ్వుండే ఊర్లనే గింత కథ నడిచిందని నాకేం తెలుసు? జూలైల 20 మందితోటి మొదలైన ఉతికేటోళ్ల సంఘం మూడు వారాలల్ల 3,000 అయిందంటే మాటలా. 12 పౌన్ల బరువు బట్టలకు ఒక డాలర్ ఇస్తేనే ముడ్తమని సమ్మెకు కూసున్నరు. నెలంతా రెక్కలు ముక్కలు చేస్కుంటే 4 నుంచి 8 డాలర్లొచ్చేటోళ్లను ఊరి కౌన్సిలోళ్లు 25 డాలర్ల లైసెన్స్ ఫీజు అని బెదిరిస్తే, ఫీజు మేమే కడ్తం రేటు గూడ మేమే పెడ్తం అన్నరట! పేపరోళ్లు వాషింగ్ అమెజాన్లని (అమెజాన్లంటే పాత కథలల్ల యుద్ధం చేసే ఆడోళ్లు) ఎగతాళి చేసిర్రట గని నాకైతే మా అవ్వ చెప్పే పాలకుర్తి ఐలమ్మ యాదికొచ్చింది. దొరకు పంట ఇయ్యనని నిలబడ్డది గూడ మన చాకలామెనే గదా.

ఇగ అసలు సంగతి. నీ హీరోయిన్ నెత్తురు చొక్కా తీస్కపోయి మరిగే బానల ఏసింది, నీళ్లల్ల ఖూనీ చేసినోని మొఖం కనవడ్డది, కథ అయిపాయె. ఆడనే నాకు కోపమొచ్చింది. బిడ్డా, నెత్తురు మరక వేడినీళ్లల్ల ఏస్తరా ఎవరన్న? ఏస్తే గట్టివడి గోధుమ రంగుకు తిరుగుతది, ఇగ బండకు ఎంత బాదినా పోదు, చన్నీళ్లల్ల నానవెట్టాలె. చిన్నప్పుడు నువ్వు మోకాలు కొట్టుకొని వస్తే అమ్మ లంగను ఏ నీళ్లల్ల ఏసేదో యాది చేస్కో. మరి లై (బూడిద నీళ్ల కారం) కాసి సబ్బు తనే చేస్కొనే ఆమెకు, గోధుమ పొట్టుతోని గంజి తనే పెట్టుకొనే ఆమెకు, బీరు పీపా అడ్డంగ కోసి తొట్టి చేస్కున్న ఆమెకు ఇది తెల్వదా.

అందుకే గిట్ల మార్చు. సోమవారం మూటల ఆ చొక్కా వస్తది, మరక అప్పటికే వేడినీళ్లల్ల ఉడికి గట్టివడ్డది. ఆమె చూస్తది. ఇది ముందే ఎవడో ఉతకవోయిండు, వానికి ఉతకనీకె రాదు, అంటే ఆ ఇంట్ల పనామె గాదు, ఇంటాయననే. మంత్రమెందుకు? మేం మూట ఇప్పంగనే ఎవరింట్ల జరమున్నదో, ఎవరు తాగుతుండ్రో, ఏ ఇంట్ల మొగుడు పెండ్లాం మాట్లాడుకుంటలేరో తెలుస్తది. నల్లజీడి రసంతోని బట్ట మూలకు మా తాత పెట్టే గుర్తు ఊర్ల ఇంకెవ్వరు చదవలేకపోదురు. నువ్వు అన్నీ మంత్రానికే అప్పజెప్తే ఆమె తెలివి మొత్తం గుంజుకున్నట్టు అయితది.

నీ హీరోయిన్ తమ్ముడు మాయమైన భాగం గూడ అంతే. మంత్రమేసి ఎవడో మాయం చేసినట్టు రాసినవ్. నువ్వు పంపిన కాగితాలల్లనే ఉన్నది గద, ఆ కాలంల చిన్న కేసువెట్టి నల్లోళ్లను జైల్లేసి ఆడికెళ్లి కంపెనీలకు కిరాయికిచ్చేటోళ్లని, అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రంల అది 1908 దాక నడిచిందని. సంఘపోళ్లు ఉత్తరం రాసిన మేయర్ జేమ్స్ ఇంగ్లీష్ ఉన్నడు సూడు, ఆయనకే చట్టాహూచీ ఇటుకల కంపెనీ ఉండె, ఆడ పనిచేసింది గీ కిరాయి ఖైదీలే. మనిషిని మాయం చెయ్యనీకె ఆడ ఒక సంతకం సాలు. ఆ పిలగాని చొక్కా అక్క చేతికి రాకుండ ఆగిపోయిన సోమవారం కెళ్లి మొదలువెట్టు.

మంత్రం మొత్తం తీసెయ్యమంటలేను, అర్థం చేస్కో. నువ్వు పుట్టకముందు మా మేనత్తను బాణామతి చేస్తదని ఊరంతా ఎలేసింది, మొగడు సచ్చి ఒంటరిగున్నది గదా, దొరికింది. అట్ల అనిపించుకున్నోళ్ల పండ్లు పీకిన ఊర్లున్నయ్ మన దిక్కు. నేను చదివిన డిటెక్టివ్ నవలలల్ల గూడ చేతబడి చేసేటోళ్లు ఎప్పటికీ దొంగలే. నీ కథల మాత్రం ఆమె మంత్రాన్ని నడుముకు ఎర్రగుడ్డ మూట లెక్క కట్టుకొని తలెత్తుకొని నడుస్తది, ఆ పేజీ తమ్మునితోని రెండుసార్లు చదివించుకున్న.

కానీ నీలిమందు బకీటుకు చిటికెడే ఎయ్యాలె. నువ్వు చారెడు పోసినవ్, తెల్లబట్ట మచ్చలు మచ్చలు అయితది. ఆ నీలినీళ్లకు ఒక్కటే శక్తి ఇయ్యి. ఆఖరి జాడింపుల ఆమె నీలి కలిపిన చొక్కా తొడుక్కున్నోడు మళ్ల ఉతుకు పడేదాక అబద్ధం ఆడలేడు. మూటలు వాపస్ ఇచ్చేది శనివారం, పెద్దోళ్లంతా ఆ బట్టలేస్కొని ఆదివారం చర్చికి పోతరు. ఇగ ఏమైతదో నువ్వే ఆలోచించు, నాకైతే నవ్వాగలే. అదే వారం సమ్మె పెట్టు, ఉతికే దిక్కులేక ఆ చొక్కా మీదనే ఉంటది.

మనం నల్లోళ్లం కాదు గద నేను రాయొచ్చా నాన్నా అని అడిగినవ్. చేతులు పగిలే కథ మనకు తెలుసు, అది రాయి. మిగతాది తెల్వదు, ఆడ చర్చిలల్ల ముసలవ్వలుంటరు గద, పోయి కూసో, వాళ్ల అవ్వలు ఏం చెప్పిర్రో విను, వద్దన్నది రాయకు.

అమ్మ సకినాలు పార్సిల్ చేస్తదట, అడ్రస్ మళ్ల పంపు, పాతది నా ఫోన్ల కొట్టుకపోయింది. తమ్మునికి ఎగ్జామ్స్ 20 రోజులల్ల ఉన్నయ్, వాడు పుస్తకం పట్టకముందే చర్చి ఆదివారం రాసి పంపియ్యి, లేకపోతే నాకు చదివేటోడు లేడు.

నాన్న