గళ్ళ చొక్కా వేసుకొచ్చిన బాబు, మన యూనిఫాం నియమం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ మొహం చూడలేదు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ సోమవారం ఏడో తరగతి బాబు ఒకడు గళ్ళ చొక్కా వేసుకొని బడికి వచ్చాడు. ప్రార్థన దగ్గర వాణ్ణి వరుసలోంచి తీసి పక్కన నిలబెట్టారు. ప్రార్థన అయిపోయాక కూడా మొదటి పీరియడ్ అంతా వరండాలోనే ఉన్నాడు. యూనిఫాం లేకుండా వస్తే అలా నిలబెట్టమని జూన్‌లో టీచర్లకు చెప్పింది నేనే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వాడి పక్కన కూర్చొని అడిగాను. ఉన్నవి రెండు తెల్ల చొక్కాలు. ఒకటి చంక దగ్గర చిరిగింది. రెండోది వాళ్ళమ్మ శనివారం రాత్రి ఉతికి ఆరేస్తే సోమవారం పొద్దుటికి కూడా ఆరలేదు. తడిబట్ట వేసుకుంటే జ్వరం వస్తుందని ఆమె గళ్ళ చొక్కా తొడిగి పంపింది. ఆమె చేసింది సరైన పని. తప్పు నాది. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి ఆ మాట చెప్పి వచ్చాను. ఆ నియమం మీ పిల్లలందరి మీదా ఉంది కాబట్టి మీకూ చెబుతున్నాను.

సమావేశాల్లో మీలో చాలామంది నాతో అనే మాట ఒకటుంది: "కొంచెం గట్టిగా ఉండండి మేడం, పిల్లలకు మిలిటరీ డిసిప్లిన్ రావాలి." మన విశాఖలో, అందులోనూ మల్కాపురం, సింధియా వైపు ఆ మాట రావడం సహజమే. మీలో ఎందరో డాక్‌యార్డ్‌లో పనిచేస్తున్నారు, కొందరు నేవీలో ఉన్నారు. 1971 డిసెంబర్ 4న మన నౌకాదళం కరాచీ రేవు మీద దాడి చేసిన సంగతి, ఆ రోజుల్లోనే మన తీరం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన సంగతి ఇక్కడి పిల్లలకు ఇంట్లోనే తెలుస్తాయి. ఇలాంటి ఊరి పిల్లలు క్రమశిక్షణ నేర్చుకోవాలని మీరు కోరుకోవడం నాకు సంతోషమే. కానీ మిలిటరీ డిసిప్లిన్ అంటే ఏమిటో మనం సగమే చూస్తున్నామని నాకు అనిపిస్తోంది. మనకు కనిపించేది ఇస్త్రీ మడత, మెరిసే బూటు, కవాతు. దాని వెనక ఉన్నది వేరు.

ముందు బట్టల సంగతి. సైనికుల యూనిఫాం ఎప్పుడూ ఒకేలా లేదు, అవసరాన్ని బట్టి మారింది. ఒకప్పుడు బ్రిటిష్ సైనికులు ఎర్ర కోట్లతో యుద్ధానికి వెళ్ళేవారు. 1846లో పెషావర్‌లో హ్యారీ లమ్స్‌డెన్ అనే అధికారి గైడ్స్ దళాన్ని తయారుచేశాడు. ఆ కొండల్లో ఎర్ర రంగు దూరానికే కనిపిస్తుంది కాబట్టి ఆ దళం మట్టి రంగు బట్టలకు మారింది. పారసీ, ఉర్దూల్లో ఖాక్ అంటే మట్టి, దుమ్ము. మన పోలీసుల ఖాకీకి ఆ పేరు అక్కడిదే. 1914లో ఫ్రెంచి సైనికులు ఎర్ర ప్యాంట్లతో మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగారు. తర్వాతి ఏడాదికల్లా వాళ్ళ సైన్యం లేత నీలం రంగుకు మారిపోయింది. మనిషి ప్రాణం కన్నా బట్ట రంగు ఎక్కువ కాదని సైన్యాలే ఒప్పుకున్నాయి.

ఇంకొక విషయం నన్ను చాలా ఆలోచింపజేసింది. యుద్ధంలో ఎవరిని సైనికులుగా లెక్కించాలో, యుద్ధ నియమాల మీద దేశాలు కుదుర్చుకున్న 1907 హేగ్ నిబంధనలు చెబుతాయి. అందులో దూరం నుంచి గుర్తుపట్టగలిగే స్థిరమైన గుర్తు ఉండాలనే షరతు ఉంది. ఎవరు సైనికుడో, ఎవరు మామూలు పౌరుడో తెలియాలి కదా. అయితే అది రెండో షరతు. మొదటిది, ఆ దళానికి తన కింది వాళ్ళ విషయంలో బాధ్యత వహించే నాయకుడు ఉండాలి. బట్ట కన్నా ముందు బాధ్యత రాశారు. అది చదివినప్పుడు వరండాలో నిలబడిన ఆ బాబే గుర్తొచ్చాడు. వాడి బట్టలు చూశాం. మా బాధ్యత చూసుకోలేదు.

ఆజ్ఞ పాటించడం కూడా అంతే. మన 1950 ఆర్మీ చట్టంలో పై అధికారి మాట వినకపోవడం నేరమే, శిక్ష గట్టిగానే ఉంటుంది. కానీ చట్టం అక్కడ వాడిన మాట న్యాయబద్ధమైన ఆజ్ఞ అని. సైన్యంలోనే ఆజ్ఞకు ఒక హద్దు ఉన్నప్పుడు, పదకొండేళ్ళ పిల్లాడి మీద మన ఆజ్ఞకు హద్దు లేకుండా ఎలా ఉంటుంది? 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా దండించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అందరి ముందు వేరుగా నిలబెట్టడం పిల్లవాడికి దెబ్బ కన్నా తక్కువేమీ కాదు.

ఎనిమిదో తరగతి పిల్లలను మొన్న బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్ళాం. 1969లో నౌకాదళంలో చేరి, 31 ఏళ్ళు పనిచేసి, 2001లో విరమించింది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. దాదాపు 91 మీటర్ల పొడవు గల ఆ గొట్టంలో డెబ్బై మందికి పైగా ఉండేవారు. వంగి వెళ్ళాల్సిన గుండ్రటి ద్వారాలు, ఒకదాని మీద ఒకటి పడకలు, ఎటు చూసినా పైపులు, వాల్వులు. మా పిల్ల ఒకతె వెంటనే అడిగింది, ఇక్కడ తెల్ల యూనిఫాం మీద నూనె మరక పడకుండా ఎలా పనిచేస్తారు టీచర్ అని. ఇంకొకడు, ఒక్కరు నిద్రపోతే ఏమవుతుంది అన్నాడు. పిల్లలకు అసలు విషయం నాకన్నా తొందరగా తట్టింది. నీటి అడుగున ఒక వాల్వు సరిగ్గా మూయకపోతే పోయేది అందరి ప్రాణాలు. పక్కవాడు తన పని చేస్తాడన్న నమ్మకం మీదే మిగతావాళ్ళు నిద్రపోతారు. మన పిల్లలకు రావాల్సింది ఆ అలవాటు. చెప్పిన వేళకు రావడం, ఒప్పుకున్న పని ఎవరూ చూడకపోయినా చేయడం, పక్కవాడికి తన వల్ల ఇబ్బంది రాకుండా చూసుకోవడం.

అయితే యూనిఫాం వద్దంటున్నానా? లేదు. నాకు అది చాలా ఇష్టం. లండన్‌లో 1552లో పేద పిల్లల కోసం మొదలైన క్రైస్ట్స్ హాస్పిటల్ బడిలో నీలం కోటు వేయించేవారు. అప్పట్లో అది చూడగానే పేదపిల్ల అని తెలిసిపోయే బట్ట. మన బడిలో అది సరిగ్గా తలకిందులు కావాలి. గుమాస్తా కొడుకు, వల వేసే ఆయన కూతురు ఒకే బెంచీ మీద కూర్చుంటే ఎవరింట్లో ఎంత ఉందో చొక్కా చెప్పకూడదు. నేను చదువుకునేటప్పుడు పండగ బట్టలు రెండేళ్ళు అవే వేసుకునేదాన్ని. యూనిఫాం ఉన్న ఐదు రోజులూ ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. యూనిఫాం లేని శనివారం వస్తోందంటే టెన్షన్.

కాబట్టి ఈ నెల నుంచి ఇలా చేద్దాం. యూనిఫాం లేదని ఏ పిల్లనీ తరగతి బయట ఉంచం, జరిమానా వేయం. ఇబ్బంది ఉన్న రోజున డైరీలో ఒక్క ముక్క రాయండి, కారణం వివరంగా రాయనక్కర్లేదు. అదే రెండు వారాలు సాగితే మా టీచరే మీకు ఫోన్ చేస్తారు, తిట్టడానికి కాదు, ఏం కావాలో అడగడానికి. బట్ట పూర్ణా మార్కెట్‌లో కొన్నా, మీ వీధిలో కొన్నా రంగు కలిస్తే చాలు. ప్యాంటు, స్కర్టు కుట్టించేటప్పుడు కింద నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి కుట్టమనండి, వచ్చే ఏడాది విప్పుకోవచ్చు.

వేళ విషయంలో మాత్రం గట్టిగానే ఉంటాను. తొమ్మిదికి గంట కొడితే తొమ్మిదికే. ఆ నియమం ముందు నాకు, టీచర్లకు వర్తిస్తుంది. మేం సంతకం పెట్టిన వేళ ఇకనుంచి నోటీసు బోర్డు మీద ఉంటుంది, మీరెవరైనా చూడొచ్చు.

ఆఫీసు గది పక్కన బీరువా ఒకటి ఖాళీ చేయించాం. పొట్టి అయిపోయిన చొక్కాలు, స్కర్టులు, బూట్లు ఉతికి, గుండీలు సరిచూసి శనివారం పదింటి లోపు పంపండి. ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో రాసుకోం. తెల్ల చొక్కాల్లో ఆరు, ఏడు తరగతుల సైజులు ముందుగా కావాలి.

మీ ప్రధానోపాధ్యాయురాలు