పిన్ని సున్నా బిల్లు

ఒరే మామా,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు లేదు. అమ్మ మోకాలు ఫర్వాలేదు, చెల్లి పరీక్షలు అయిపోయాయి, నా ఉద్యోగం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఇక అసలు సంగతి.

మా పిన్నికి కరెంటు బిల్లు సున్నా వచ్చిందిరా!

తెలంగాణలో గృహజ్యోతి పథకం తెలుసుగా. రేషన్ కార్డు ఉండి, నెలకు 200 యూనిట్లు దాటకపోతే బిల్లు ప్రభుత్వమే కడుతుంది, అద్దెకున్నవాళ్ళకి కూడా. 2023 డిసెంబర్ ఆఖర్లో ప్రజాపాలన పేరుతో ప్రభుత్వ పథకాలకి దరఖాస్తులు తీసుకోవడం మొదలవగానే పిన్ని లైన్లో నిలబడి ఇచ్చొచ్చింది. 2024 మార్చి నుంచి వీధిలో చాలామందికి సున్నా బిల్లులే. పిన్నికి మాత్రం ఎప్పటిలాగే డబ్బులు కట్టమని. ఉన్నవి రెండు ఫ్యాన్లు, ఓ ఫ్రిజ్జు. 200 ఎక్కడ దాటుతుంది? "మనకు రాసిపెట్టి లేదులేరా" అంటూ కట్టేస్తూనే ఉంది. స్కూల్లో ఆయాకి జీతం ఎంతిస్తారని మామా... సరే, అది ఇప్పుడొద్దు.

మొన్న వెళ్ళినప్పుడు మెట్ల కింద మీటర్ల దగ్గర రెండు పోర్షన్ల బిల్లులూ గుచ్చి ఉన్నాయి. పై పోర్షన్‌ది సున్నా! అక్కడుండేది కారున్న మనిషి, సగం రోజులు ఊళ్ళోనే ఉండడు. నాకు మన హాస్టల్ వార్డెన్ గుర్తొచ్చాడు, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. పిన్ని దాచుకున్న దరఖాస్తు జిరాక్స్ బయటికి తీయించి చూస్తే, అందులో ఉన్నది పై మీటరు నంబరు. అప్పట్లో పై పోర్షన్ ఖాళీ. దరఖాస్తుకి పాత బిల్లు కావాలంటే ఓనరు చేతికందింది ఇచ్చాడు. అంటే ఇన్నాళ్ళూ పిన్ని కార్డు మీద ఆయన గారు ఫ్రీగా ఏసీ వేసుకుంటున్నాడు!

ఓనర్ని అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఏ నంబరైతే ఏంటి బాబూ, ఇల్లు ఒకటేగా!" పైగా అద్దెవాళ్ళ కార్డు మీటరుకి ఎక్కితే ఇల్లు వాళ్ళదైపోతుందని ఆయన భయం. మీటరు మీ పేరు మీదే ఉంటుంది, పిన్ని కార్డు ఆ నంబరుకి కలుస్తుంది, అంతేనని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

తర్వాత మున్సిపల్ ఆఫీసులో ప్రజాపాలన కౌంటర్. రేషన్ కార్డు, ఆధార్, సరైన బిల్లు, మూడింటి జిరాక్సులు. ఒక కార్డుకి ఒకే మీటరు కాబట్టి పైది తీసేసి కిందది ఎక్కించారు. నేను గొడవకి సిద్ధపడి వెళ్ళాను, అక్కడి అమ్మాయి నవ్వుతూ పని చేసిపెట్టింది. నా కోపమంతా వేస్టు.

పైనాయన దిగొచ్చి "మరి నా సంగతేంటండీ?" అన్నాడు. పిన్ని ఏం చేసిందనుకున్నావ్? "పాపం" అంటూ టీ పెట్టిచ్చింది! కట్టిన డబ్బులు వెనక్కి అడుగుదామంటే నా నోరు మూయించింది.

ఇప్పుడు పిన్నితో వేగలేం. 200 మీద ఒక్క యూనిట్ ఎక్కినా మొత్తం బిల్లు కట్టాలని ఎవరో చెప్పారు, అది నిజమే. అంతే, ఇస్త్రీపెట్టె బీరువాలోకి వెళ్ళింది. బాబాయి నలిగిన చొక్కాతోనే డ్యూటీకి.

ఇంకా గ్యాస్ గొడవ ఉంది. 500కే సిలిండర్ అంటారు కానీ ముందు మొత్తం కట్టాలి, మిగతాది బ్యాంకులో పడుతుంది. పిన్నిది ఏ అకౌంట్లో పడుతోందో... బస్సు హారన్ కొడుతున్నాడు, మిగతాది మళ్ళీ రాస్తా. మీ అమ్మగారిని అడిగానని