పతకాలు అమ్మాయిలకు, సంపాదక పీఠాలు ఎవరికి?

సంపాదక మహాశయా,

పోయిన వారం మీ నెల్లూరు జిల్లా పేజీలో వైద్య కళాశాల స్నాతకోత్సవ వార్తను ‘వైద్య విద్యలో అమ్మాయిలదే రాజ్యం’ అనే శీర్షికతో, మెడలో పతకాలు వేసుకున్న విద్యార్థినుల ఫొటోతో ఘనంగా ప్రచురించారు. పిల్లల కష్టానికి దక్కిన గౌరవం కనుక సంతోషించాను. అయితే అదే వేదిక మీద ఆవిష్కరించిన పరిశోధన సంచిక తాలూకు సంపాదక మండలి ఫొటోను కూడా ఆ పేజీ అడుగునే వేశారు. ముఖ్య పోషకుడు, గౌరవ సంపాదకుడు, ప్రధాన సంపాదకుడు, కార్యనిర్వాహక సంపాదకుడు, ఇలా పేరూ హోదా ఉన్నవారంతా పురుషులే. చివరన నిలబడ్డ ఒక్క డాక్టరమ్మ మాత్రం ‘తదితరులు’ అనే మాటలో కలిసిపోయారు. రాజ్యం ఎవరిదో మీ పేజీయే చెప్పింది.

నేను ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో ఉద్యోగం చేసి పదవీ విరమణ చేసినదాన్ని. వచ్చిన ప్రతి వైద్య పత్రికనూ రిజిస్టరులో ఎక్కించే ముందు సంపాదకుల పేర్లుండే పేజీ తిరగేయడం నాకు అలవాటు. ఆ పేజీలు చెప్పే కథ ప్రపంచమంతటా ఒకటే. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 1812లో పుడితే, 1999లో మార్సియా ఏంజెల్ వచ్చేదాకా అక్కడ ప్రధాన సంపాదకురాలు లేరు. ఆమె వచ్చింది కూడా తాత్కాలిక హోదాలోనే. 1840 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2005లో ఫియోనా గాడ్లీని, 1883 నాటి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక 2000లో కేథరీన్ డీ ఏంజెలిస్‌ను నియమించేవరకు ఆ కుర్చీలలో స్త్రీలు కూర్చోలేదు. ఇక 1823లో మొదలైన లాన్సెట్ తన రెండు వందల ఏళ్ల పండుగ కూడా మహిళా ప్రధాన సంపాదకురాలు లేకుండానే చేసుకుంది. వైద్య, విజ్ఞాన రంగాలలో స్త్రీలు ముందుకు రావాలంటూ 2019 ఫిబ్రవరిలో ప్రత్యేక సంచిక వేసింది కూడా ఆ లాన్సెటే! ఉపన్యాసాలకు లోటెక్కడా లేదు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు కాలం మారిందని అనేవారి కోసం ఒక లెక్క చెబుతాను. వైద్యంలోని 41 విభాగాలకు చెందిన అగ్రశ్రేణి పత్రికలను పరిశీలించి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ప్రధాన సంపాదకులలో స్త్రీలు 21 శాతమే ఉన్నట్లు తేలింది. మత్తు వైద్యం, నేత్ర వైద్యం, మానసిక వైద్యం వంటి కొన్ని విభాగాలలోనైతే ఒక్కరూ లేరు. మన ఆస్పత్రులలో కాన్పు ఆపరేషనుకు మత్తు ఇచ్చే డాక్టరమ్మలు కొరత లేకుండా దొరుకుతున్నప్పుడు, ఆ శాస్త్రానికి సంబంధించిన వ్యాసాల మంచిచెడ్డలు తేల్చడానికి మాత్రం తగిన స్త్రీ దొరకలేదంటే నమ్మడం కష్టం.

సంపాదకుడంటే అక్షరదోషాలు దిద్దే మనిషని మన పెద్దమనుషుల అభిప్రాయం కాబోలు. ఔషధ ప్రయోగాలను మొదలుపెట్టకముందే బహిరంగంగా నమోదు చేయకపోతే వాటి ఫలితాలను ప్రచురించబోమని 2004లో ప్రముఖ వైద్య పత్రికల సంపాదకులు కలిసి ప్రకటించారు. ఆ ప్రకటన మీద మొదటి సంతకం పైన చెప్పిన డీ ఏంజెలిస్‌ది. అంతవరకు చట్టాలు చేయించలేకపోయిన పని ఆ ఒక్క షరతు చేయించింది. మన దేశంలో కూడా 2007లో నమోదు పట్టిక మొదలై, 2009 నుంచి తప్పనిసరి అయింది. ఆ కుర్చీకి ఉన్న బలం అంతటిది కాబట్టే అందులో ఎవరు కూర్చుంటున్నారని అడగవలసి వస్తోంది.

మన ప్రాంతానికి దగ్గరి సంగతి మరొకటి ఉంది. ఉదయగిరి, కనిగిరి వైపు ఏ పల్లెకు వెళ్లినా, నలభై ఏళ్లు నిండకుండానే గర్భసంచి తీయించేసుకున్న ఆడవాళ్లు కనిపిస్తారని ఇక్కడివారందరికీ తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ ప్రశ్నను నేరుగా అడిగింది మాత్రం 2015–16లో జరిగిన నాలుగో విడతలోనే. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి ఆ ఆపరేషను జరిగితే, మన రాష్ట్రంలో 8.9 శాతమని అప్పుడు తేలింది. దీనికి పత్రికా సంపాదకులే కారణమని నేను అనడం లేదు. కానీ ఏ ప్రశ్న పరిశోధనకు తగినది, ఏది ‘స్థానిక ఆసక్తి’ మాత్రమే కలిగినది అని నిర్ణయించే గదిలో ఆ బాధ ఎరిగినవారు లేనప్పుడు, ఇలాంటి ప్రశ్నలు ఏళ్ల తరబడి గుమ్మం బయటే నిలబడిపోతాయి.

ప్రతిభ ఉంటే ఎవరు ఆపారని అడుగుతారు. ప్రతిభను కొలిచే పోటీ ఉంటే కదా! ఎంబీబీఎస్ సీటుకు నీట్ ఉంది, ర్యాంకు ఉంది, అక్కడ అమ్మాయిలు గెలుస్తున్నారు. సంపాదక పదవికి మాత్రం చాలా చోట్ల ప్రకటనా ఉండదు, దరఖాస్తూ ఉండదు, పదవీకాలమూ తెలియదు. దిగిపోయే పెద్దాయన తన శిష్యుడికి ఫోను చేస్తారు, అంతటితో ఎంపిక ముగుస్తుంది. జిల్లాల స్థాయిలో వెలువడే సంచికలలోనైతే వ్యాసాలు సేకరించి, సమీక్షకులకు పంపి, గడువు దాటినవారిని బతిమాలి, ప్రూఫులు దిద్దే పని ‘సభ్యురాలు’ హోదాలో ఉన్న డాక్టరమ్మది. ముందుమాట, శాలువా ప్రధాన సంపాదకుడివి. నా ఉద్యోగకాలంలో ఈ వరస మారగా చూడలేదు.

ఇది మన వైపు కొత్త సంగతీ కాదు. ప్రకాశం జిల్లా ఇనమనమెళ్లూరులో పుట్టి, మద్రాసులో వైద్యుడిగా పేరు గడించిన కె.ఎన్.కేసరి గారు 1928లో స్త్రీల కోసం గృహలక్ష్మి పత్రిక పెట్టి, రచయిత్రులకు స్వర్ణకంకణాలు తొడిగారు. మన పొణకా కనకమ్మ గారికి కూడా ఆ గౌరవం దక్కింది. ఆ రోజులకు అది ఉదారమైన పనే, కాదనను. సంపాదకత్వం మాత్రం ఆయనదే. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా మనం కంకణం దగ్గరే ఆగిపోతే ఎలా? (మీ కార్యాలయంలో సంపాదక హోదాలో ఎందరు స్త్రీలున్నారని నేను అడగను, అడిగినా మీరు ఈ లేఖలో ఆ వాక్యాన్ని ఉంచరు.)

వైద్య సంఘాలూ కళాశాలలూ తమ పత్రికలకు సంపాదకులను బహిరంగ ప్రకటన ద్వారా ఎంపిక చేయాలి. పదవీకాలం ఎన్నేళ్లో ముందే చెప్పాలి. మండలిలో ఎవరెవరు ఏ పని చేస్తున్నారో, వ్యాసాలను సమీక్షించినవారిలో స్త్రీలెందరో ఏటా అచ్చు వేయాలి. నిధులు లేవని మాత్రం ఎవరూ చెప్పనవసరం లేదు. ప్రకటనకయ్యే ఖర్చు వార్షిక మహాసభ విందు పద్దులో వెతికినా కనబడనంత చిన్నది.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకురాలు,
నెల్లూరు.