కరాటే నేర్చుకునే పిల్లలకి పగ వదిలేసిన హీరోల్ని కూడా చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

గవర్నమెంట్ బడుల్లో ఆడపిల్లలకి సమగ్ర శిక్ష పథకం కింద మూడు నెలలు కరాటే లాంటివి నేర్పిస్తున్నారు, చాలా మంచి పని. నేనూ పిల్లలకి కరాటే చెప్తాను కాబట్టి ఒక మాట రాయాలనిపించింది. క్లాసులో చేరేవాళ్ళలో చాలామంది సినిమా ఫైట్లు చూసే వస్తారు, వచ్చీ రాగానే "సార్, ఒక్క దెబ్బకి పడిపోయేది చెప్పండి" అంటారు, వాళ్ళని తిట్టి లాభం లేదండి, మనం చూపించేది అదే కదా, గురువునో తండ్రినో చంపేస్తారు, హీరో విద్య నేర్చుకుంటాడు, వెళ్ళి అందర్నీ చంపుతాడు, అక్కడితో సినిమా అయిపోతుంది.

కానీ ఆ కుంగ్‌ఫూ సినిమాల్లోనే ఇంకో దారి కూడా ఉంది. హువో యువాన్‌జియా అని చైనాలో నిజంగా ఉన్న మాస్టర్, 1910లో షాంఘైలో కుంగ్‌ఫూ నేర్పే జింగ్ వు సంఘం పుట్టడానికి ఆయనే కారణం, అదే ఏడాది చనిపోయాడు, విషం పెట్టి చంపారన్న కథ చాలాకాలంగా నడుస్తోంది. బ్రూస్ లీ 1972లో చేసిన 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' ఆ చావుతోనే మొదలవుతుంది, శిష్యుడు చెన్ జెన్ గురువు కోసం పగ తీర్చుకుంటూ పోతాడు. పరాయివాళ్ళు సొంత ఊళ్ళోనే అవమానిస్తుంటే వచ్చిన కోపం అది, దాన్ని నేను తప్పుపట్టను. అయితే చివరికి ఆ శిష్యుడు తుపాకులకి ఎదురు దూకుతాడు, మా పిల్లలకి మాత్రం నాన్‌చాక్ (గొలుసుతో కలిపిన రెండు కర్రలు) తిప్పడమే గుర్తుంటుంది.

అదే గురువు కథతో 2006లో జెట్ లీ 'ఫియర్‌లెస్' వచ్చింది. ఇందులో హువో కుర్రతనంలో పొగరుబోతు, శిష్యుణ్ణి కొట్టారని ఇంకో మాస్టర్ మీదకి వెళ్ళి చంపేస్తాడు, దానికి బదులుగా ఈయన తల్లినీ కూతుర్నీ చంపేస్తారు, అసలు తప్పు ఆ శిష్యుడిదేనని ఆ తర్వాత తెలుస్తుంది. ఇల్లు వదిలి ఎక్కడో పల్లెకి చేరి అక్కడివాళ్ళతో వరి నాట్లు వేస్తాడు, నాటేటప్పుడు గాలి వీస్తే మిగతావాళ్ళంతా నడుం ఎత్తి కాసేపు ఊరికే నిలబడతారు, ఈయన ఒక్కడే ఆగకుండా నాటుకుంటూ పోతాడు, కొన్నాళ్ళకి ఈయన కూడా ఆగడం నేర్చుకుంటాడు, నాకైతే సినిమా మొత్తంలో అసలైన ట్రైనింగ్ అదే అనిపిస్తుంది. క్లైమాక్స్‌లో విషం ఎక్కి రక్తం కక్కుతూ కూడా ఎదుటివాడి మీద చివరి దెబ్బ వెయ్యకుండా ఆపేస్తాడు, పగ వద్దని శిష్యులకి చెప్పి చనిపోతాడు. ఈ సీన్లు ఫోన్లో తిరిగే క్లిప్పుల్లో ఉండవు, ఫైట్లే ఉంటాయి.

1978లో వచ్చిన '36త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్'లో పగ లేదని అనను, హీరో షావొలిన్ గుడికి విద్య నేర్చుకోవడానికి వెళ్ళేదే దానికోసం. కానీ సినిమాలో పెద్ద భాగం ట్రైనింగే, ఒక్కో గదిలో ఒక్కోటి నేర్పుతారు, చేతుల కింద కత్తులు కట్టుకుని నీళ్ళ బకెట్లు మొయ్యడం లాంటివి, అన్ని గదులూ దాటాక ఆయన అడిగేది మామూలు జనానికి నేర్పడానికి ఇంకో గది.

చిన్న పిల్లలకైతే 1986 'కరాటే కిడ్' రెండో భాగం చాలు, మొదట్లోనే ఆ కుర్రాడికి కరాటే నేర్పే పెద్దాయన మియాగీ తనని కొట్టబోయిన మాస్టర్‌ని లొంగదీసి, చెయ్యెత్తి, అందరూ ఇక చంపేస్తాడనుకునేసరికి ముక్కు పట్టి పిండి వదిలేస్తాడు.

మరి ఎవడైనా మీద పడితే ఆడపిల్ల ఊరుకోవాలా అని అడుగుతారు. అక్కర్లేదండి, కొట్టాలి, గట్టిగా కొట్టి బయటపడాలి. కరాటేలో మొదటి దెబ్బ మనది కాదని చెప్పిన జపాన్ కరాటే గురువు ఫునాకోషి కూడా దెబ్బలు తింటూ నిలబడమనలేదు. బయటపడ్డాక మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళడం గురించే నా బాధంతా.

అందుకే విద్యాశాఖ వాళ్ళని మీ పత్రిక ద్వారా అడుగుతున్నా, ఆ మూడు నెలల్లో ఒక్క మధ్యాహ్నం వయసుకి తగ్గ ఇలాంటి సినిమా ఒకటి తెలుగులో చూపించండి, మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టండి, అయ్యాక టీచర్ అరగంట వాళ్ళతో మాట్లాడితే బాగుంటుంది. టీవీ ఛానెళ్ళ వాళ్ళు కూడా డబ్బింగ్ సినిమాలు వేసేటప్పుడు టైం సరిపోలేదని ఆ వరి నాట్ల సీన్లు కత్తిరించకుండా వెయ్యండి.

ఇట్లు,
ఒక కరాటే మాస్టారు