పగిలిన చెరువు ఒక్కటే వేసవి కాదు

సంపాదకుల వారికి,

రోహిణి కార్తె వచ్చిందంటే పత్రికలన్నిటిలో దాదాపు ఒకే ఫోటో. నెర్రెలిచ్చిన చెరువు, దాని నడిమధ్య బిందెతో వెళ్తున్న ఆడమనిషి, కింద ‘అడుగంటిన చెరువులు’ అని రెండు మాటలు. ఆ ఫోటో అబద్ధమని అనం. కానీ నీరు వెనక్కి తగ్గిన అంచు ఏదైనా కొద్ది రోజుల ఎండకే నెర్రెలిస్తుంది. ఒండ్రులో ఉన్న బంకమట్టి ఆరుతూ ముడుచుకుంటుంది, అంతే. వానలు దండిగా పడ్డ ఏడాదిలోనైనా మే నెలలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో అలాంటి ఫోటో అరగంటలో దొరుకుతుంది. అదే చెరువులో కెమెరాని కాస్త పక్కకు తిప్పితే గేదెలు మెడలోతు నీళ్లలో పడుకుని ఉంటాయి.

అందుకే మా విన్నపం. ఒక ఊరి చెరువుని ఎంచుకుని, ఉగాది నుంచి మృగశిర దాకా, ఏడాదిని బట్టి 60 నుంచి 80 రోజులు, ఒకే చోట నిలబడి రోజుకొక ఫోటో తీయించి వేయండి. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న పిల్లల చేతిలోని ఫోనే దీనికి చాలు. అయితే పద్ధతి తెలియకుండా మొదలుపెడితే పదో రోజుకే ఒక ఫోటోకి ఇంకోదానికి పొంతన ఉండదు. అది ఎక్కడ చెడుతుందో ఈ పని చేసేవాళ్లుగా చెప్పాలనిపించి రాస్తున్నాం.

ముందు నిలబడే చోటు. మనకి పడమట కొండలు, తూర్పున సముద్రం. వాలు అటు నుంచి ఇటు కాబట్టి చాలా చెరువులకి గట్టు తూర్పునో ఆగ్నేయంలోనో ఉంటుంది. గట్టెక్కి పడమటికి తిరిగితే పొద్దుటి ఎండ వీపు మీద పడుతుంది, ఎదురుగా నీళ్లు, వెనకాల కొండ గీత కనిపిస్తాయి. ఇది మన అదృష్టం. దక్షిణపు గట్టు మీంచి ఉత్తరానికి తిరిగి తీసేవాళ్లకి ఏప్రిల్‌లో బాగానే ఉంటుంది గానీ మే సగమయ్యాక తంటా మొదలవుతుంది. సూర్యుడు అప్పటికి తూర్పు నుంచి బాగా ఉత్తరానికి జరిగి పొడుస్తాడు. ఎండ ఏటవాలుగా లెన్సులో పడి ఫోటో అంతా పాలు పోసినట్టు తెల్లబారుతుంది.

ఫోటోలో రోజూ ఒకే చోట పడాల్సిన ఆనవాళ్లు రెండు ఎంచుకోవాలి. ఒకటి దూరంగా, ఒకటి దగ్గరగా. దూరానికి కొండ కొమ్ము, గుడి శిఖరం. దగ్గరికి మదుము (తూము) రాయి, రేవు మెట్టు. చెట్టుని మాత్రం నమ్ముకోవద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు ఎన్ని చెట్లను పడగొట్టాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. రేపు ఐదేళ్ల తర్వాత ఇంకొకరు అదే చోట నిలబడి తీయాలంటే అప్పటికి చెట్టు ఉంటుందో లేదో, కొండ మాత్రం ఉంటుంది.

చేత్తో పట్టుకుని తీస్తే ఎంత జాగ్రత్తపడ్డా చట్రం జరుగుతుంది. వెల్డింగ్ షాపులో జానెడు ఇనప పలకని ఎల్ ఆకారంలో వంచి, ఫోను ఆనుకోవడానికి రెండు చువ్వ ముక్కలు అతికించమనండి. పంచాయతీకో జలవనరుల శాఖకో ఒక మాట చెప్పి, దాన్ని మదుము గోడకి సిమెంటుతో బిగించాలి. విడిగా గుంజ పాతడం తేలికే, కానీ గేదెలు ఊరుకోవు. దురద పుట్టినప్పుడల్లా వచ్చి రాసుకుంటాయి. వారం తిరిగేసరికి గుంజ నాలుగు వేళ్లు పక్కకి తిరిగి ఉంటుంది, ఆ సంగతి నెలాఖరున ఫోటోలన్నీ పక్కపక్కన పెట్టుకున్నాక తెలుస్తుంది. పలక పెట్టే వీలు లేకపోతే ‘ఓపెన్ కెమెరా’ అనే ఉచిత యాప్ ఉంది. అందులో నిన్నటి ఫోటోని నీడలాగా తెర మీద చూపించే ఏర్పాటు ఉంటుంది. దాని మీద ఇవాళ్టి దృశ్యాన్ని సరిపెట్టి నొక్కడమే.

వేళ విషయంలో గడియారం కన్నా సూర్యుణ్ణి నమ్మాలి. ఉగాది రోజుల్లో ఇక్కడ పొద్దు పొడిచేది సుమారు ఆరుకి పది నిమిషాల ముందు, రోహిణి కార్తెలో ఐదుంబావు దాటగానే. రోజూ ఆరింటికే తీస్తానంటే మార్చిలో అది తెల్లవారు వెలుగు, జూన్‌లో సర్రుమనే ఎండ. పొద్దు పొడవడానికి పది నిమిషాల ముందు అని పెట్టుకుంటే వెలుగు రోజూ ఒక తీరుగా ఉంటుంది. గాలి అప్పటికి లేవదు, నీళ్లు అద్దంలా ఉంటాయి, నీటిగీత స్పష్టంగా పడుతుంది. పొద్దు పొడిచాక తీస్తే ఇంకో చిక్కు: సూర్యుడు వీపు వెనక తక్కువ ఎత్తులో ఉంటాడు కాబట్టి మీ నీడే బారుగా సాగి ఫోటోలోకి వచ్చేస్తుంది.

ఆ వేళకి ఇంకో లాభముంది, చేపల సంగతి తెలిసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. రాత్రంతా నీళ్లలోని నాచు, మొక్కలు, చేపలు అన్నీ ప్రాణవాయువు పీల్చుకుంటాయి, తయారుచేసే ఎండ ఉండదు. అందుకని తెల్లారగట్లకి అది బాగా తగ్గిపోతుంది. చెరువు మోకాలి లోతుకి దిగిన రోజుల్లో బొచ్చెలూ శీలావతులూ పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటాయి. ఇక రెండు మూడు రోజుల్లో వలలు దిగుతాయన్నమాట. ఎనిమిదింటికి వెళ్లినవాడికి ఆ జాడ ఏమీ కనపడదు.

ఫోనులో చేయాల్సినవి కొన్నే. లెన్సుని పొడి నూలుగుడ్డతో తుడవాలి. జేబులోంచి తీసిన ఫోను మీద చెమట, నూనె పూత ఉంటుంది. ఫోను అడ్డంగా. 1 ఎక్స్ దాటి జూమ్ వద్దు, అల్ట్రావైడ్ అసలు వద్దు, అంచుల్లో గట్టు విల్లులా వంగుతుంది. హెచ్‌డీఆర్, అందం పెంచే ఫిల్టర్లు ఆపేయాలి. అవి ఆన్‌లో ఉంటే మబ్బు రోజుకీ ఎండ రోజుకీ తేడా చెరిపేస్తాయి, మనకి కావాల్సిందే ఆ తేడా. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ని 5500 దగ్గర ఉంచేయండి. పడమటి గాలి వీచే రోజుల్లో దుమ్ము లేచి కొండలు మాయమవుతాయి. లెన్సు పాడైందని కంగారు పడొద్దు, అది ఆ రోజు వార్తే. మధ్యాహ్నం తీయాలనుకునేవాళ్లకి మాత్రం మా సలహా: మానుకోండి. మే రెండో వారం చివర్న పన్నెండుకి కాస్త ముందు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, దేనికీ నీడ ఉండదు, తలగుడ్డ కింద మొహాలన్నీ నల్లగా పడతాయి. పైగా వేడికి ఫోన్లు కెమెరా తెరవనని మొండికేస్తాయి.

నీటి మట్టానికి మదుము గోడ మీద పది సెంటీమీటర్లకొక గీత, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. ఎండకి ఆవిరయ్యేది రోజుకి సెంటీమీటరు లోపే. ఒక్క రోజులో తెలియదు, పది రోజుల ఫోటోలు వరసగా పెడితే నీరు దిగడం కనిపిస్తుంది. ఒకే రోజున జానెడు తగ్గితే అది ఎండ పని కాదు, మదుము ఎవరో ఎత్తారు. చెరువు గర్భంలో ఉపాధి పని మొదలయ్యాక లెక్క మళ్లీ మారుతుంది. తవ్విన గోతుల్లోకి నీరు దిగి, అంచున పొడినేల పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే పక్కన ఒక నోటుబుక్కు ఉండాలి: తేదీ, కార్తె, నీటి గీత అంకె, గాలి ఎటు, ఒక్క వాక్యంలో ఎవరేం చేస్తున్నారో. ‘భరణి, 4వ గీత, పడమటి గాలి, ట్రాక్టర్లు ఒండ్రు తోలుతున్నాయి.’ ఇంత చాలు.

స్థిరమైన ఫోటోలో మనుషులు చీమల్లా పడతారు. కనుక రోజుకి ఇంకొకటి, దగ్గర్నుంచి, తీయడం మంచిది: గట్టు మీద చోడి (రాగి) అంబలి తాగే ఉపాధి కూలీలు, విసురు వల ఆరబెట్టేవాళ్లు, ముంజెలు కొట్టే కత్తి. ఇక్కడ ఒకటే నియమం, అడిగి తీయాలి. స్నానాల రేవు వైపు కెమెరా తిప్పకూడదు. స్థిరమైన ఫోటో చట్రంలోకి రేవు వస్తుంటే పలకని ఇంకోచోట బిగించాలి, ‘దూరంగానే కదా’ అనే మాట చెల్లదు. గ్రామదేవత అసిరితల్లి సంబరం నాటి రాత్రి ఘటాలు తీసేవాళ్లు నైట్ మోడ్ ఆపేయండి. అది రెండు మూడు సెకన్లు తెరిచి ఉంచుతుంది, నడిచే ఘటాలు అలికినట్టు పడతాయి. సీరియల్ బల్బుల కింద నిలబడి, ఊరేగింపు ఆగినప్పుడు తీయాలి.

తీసిన ఫోటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించుకుపోతుంది, లోపల దాగిన తేదీ, వేళ కూడా పోతాయి. డాక్యుమెంటుగా పంపాలి. ఫైలుకి ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత రోజు పేరుగా పెడితే వరస తప్పదు. ఒక్కొక్కటి 4, 5 ఎంబీ అనుకున్నా, రోజుకొకటి చొప్పున వేసవంతా కలిపి సుమారు 400 ఎంబీ, రెండు చోట్ల దాచుకోవడం భారం కాదు. ఒక రోజు తప్పితే తప్పిందని రాయండి. మర్నాడు రెండు తీసి పూడ్చకండి.

ఎప్పుడు ఆపాలి? మృగశిర దాకా అన్నది సుమారు లెక్కే, క్యాలెండరు చూసి కాదు. గెడ్డ (వాగు) నుంచి మొదటి ఎర్రనీరు చెరువులో పడ్డాక ఇంకో మూడు రోజులు తీసి ఆపాలి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో అయితే నత్తగుల్ల కొంగలు దిగేది కూడా ఆ జూన్ రోజుల్లోనే, వాటి రాకని వానకి శకునంగా చూస్తారు. టెక్కలి వైపు తేలినీలాపురం లెక్క వేరు. అక్కడికి వలసొచ్చే గూడబాతులు (పెలికాన్లు) ఎండలు ముదిరేలోపే వెళ్లిపోతాయి, మే నెల ఫోటోలో ఖాళీ చెట్లే ఉంటాయి. అవీ వేయండి.

వేసేటప్పుడు మాత్రం మూడు కోరికలు. కొండ గీతని కత్తిరించకండి. తేదీతో పాటు వేళ కూడా వేయండి, ‘ఫైల్ ఫోటో’ అనే మాట ఆ చోట కనపడకూడదు. వెడల్పు రెండు కాలమ్స్‌కి తగ్గనివ్వకండి, అంతకన్నా చిన్నదైతే మదుము గోడ మీది గీతలు న్యూస్‌ప్రింట్‌లో కలిసిపోతాయి.

ఇట్లు,
చెరువు గట్ల మీద ఫోటోలు తీసే కొందరం,
విజయనగరం