వాదించేవారు లేకుండా విచారణా?
లైంగిక నేరాల కేసుల్లో నిందితుల తరఫున ఎవరూ వాదించరాదని న్యాయవాదుల సంఘాలే తీర్మానాలు చేయడం తగదు. న్యాయవాదిని కక్షిదారుతో ముడిపెట్టి చూడరాదని 1990లో క్యూబా రాజధాని హవానాలో నేరాల నివారణపై జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభ స్పష్టం చేసింది. కోర్టు వరండాలో నేను చూసిన ఒక కేసులో, ఉచిత న్యాయసహాయం కింద వచ్చిన న్యాయవాది, పిలుపుకు పది నిమిషాల ముందు గోడకు ఫైలు ఆనించి పేజీలు తిరగేస్తూ, నిందితుడి పేరును అతడినే అడిగి తెలుసుకున్నారు; ఫోరెన్సిక్ నివేదిక ప్రతి అప్పటికీ ఆయన చేతికి అందలేదు. ఇలా పడిన శిక్ష అప్పీలులో వీగిపోయి కేసు మళ్లీ మొదటికొస్తే, బాధితురాలే మరోసారి బోనెక్కాలి (తీర్మానాలు చేసేవారికి ఈ సంగతి తట్టినట్లు లేదు). అరెస్టయిన రోజే న్యాయవాదిని నియమించాలి, డీఎన్ఏ నివేదికలను విచారణకు చాలినంత ముందుగా ఇవ్వాలి. అదే సమయంలో, ఫిర్యాదీ గత జీవితాన్ని తవ్వే ప్రశ్నలను న్యాయమూర్తి అక్కడికక్కడే అడ్డుకోవాలి.