బర్మింగ్‌హామ్ నుంచి బాబాయ్‌కి

బాబాయ్‌కి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ పిన్నీ బాగున్నారని తలుస్తాను. మొన్న ఫోన్లో చెప్పిన ఆ సెకండియర్ కుర్రాడి సంగతి మనసులోంచి పోవట్లేదు. కాస్త వివరంగా రాస్తే వాళ్ల నాన్నకి చదివి వినిపిస్తావని ఈ ఉత్తరం.

నిద్రపోవట్లేదు, స్నానం మానేశాడు, క్లాసులో అందరూ తన గురించే గుసగుసలాడుతున్నారంటున్నాడు అన్నావు. బాగా చదివే పిల్లాడు మూడు నెలల్లో ఇలా అయ్యాడంటే బద్ధకం అనుకుని వదిలెయ్యకూడదు. చూడకుండా జబ్బు పేరు నేను చెప్పను. థైరాయిడ్ తేడా, ఫిట్స్ లాంటివీ మనిషిని ఇలా మార్చగలవు. కానీ మా టీమ్‌కి వచ్చే పిల్లల తల్లిదండ్రులు మొదట చెప్పే మాటలు దాదాపు ఇవే.

లేని గొంతులు వినిపించడం, జరగనివి జరుగుతున్నాయని గట్టిగా నమ్మడం లాంటివాటిని సైకోసిస్ అంటారు. దాన్ని మొదట్లోనే పట్టుకునే టీమ్ మాది. ఇలాంటి అనుమానంతో పంపినవాళ్లకి రెండు వారాల్లో వైద్యం మొదలవ్వాలని ఇంగ్లండులో 2016 ఏప్రిల్ నుంచి లక్ష్యం పెట్టుకున్నారు. వైద్యం లేకుండా గడిచేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది, అందుకే ఈ తొందర. ఆ తర్వాత మూడేళ్లు వెంట ఉంటాం: మందులు, ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడటం, మళ్లీ చదువులోనో ఉద్యోగంలోనో నిలబెట్టడం. ఇంకా ముదరనివాళ్లకైతే సైకోసిస్ మందులు మొదలుపెట్టరు, మాటలతోనే థెరపీ చేస్తారు. వాళ్లలో ఎక్కువమందికి అది సైకోసిస్ దాకా వెళ్లదు.

ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు నేను జబ్బు మాట ఎత్తను. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, ఏం తిన్నావు అని అడుగుతాను. గొంతులు వినిపిస్తున్నాయంటే అబద్ధమనీ అనను, నిజమనీ అనను. "అలా వినిపిస్తుంటే భయంగా ఉంటుంది కదా" అంటాను. అప్పటిదాకా నేలచూపులు చూసేవాడు తలెత్తుతాడు. నువ్వూ అలాగే మాట్లాడు బాబాయ్, వాదించకు. గంజాయి అలవాటుందేమో కూడా తిట్టకుండా అడుగు. ఘాటైన గంజాయి రోజూ తాగేవాళ్లకి ఈ ముప్పు చాలా ఎక్కువ.

ఇక్కడ నా కడుపు మండేది ఒకటుంది. ఇంత ఏర్పాటున్నా, నల్లజాతి కుర్రాళ్లు చాలాసార్లు పోలీసుల చేతుల మీదుగా మా దగ్గరికి వస్తారు. మానసిక ఆరోగ్య చట్టం కింద బలవంతంగా ఆసుపత్రిలో ఉంచేవాళ్ల లెక్క జనాభాతో పోల్చి తీస్తే, తెల్లవాళ్లకంటే నల్లజాతి వాళ్లలో మూడు రెట్లకు పైగా. అంతకుముందు ఎన్నిసార్లు సాయం అడిగినా వినలేదని తల్లులు చెబుతుంటే తల దించుకోవాల్సొస్తుంది.

మన దగ్గర ఆ తేడా డబ్బుతో, కులంతో వస్తుంది. ఆ పిల్లాడి నాన్న మిర్చి యార్డులో హమాలీ అన్నావు. ఆసుపత్రికొస్తే ఆ రోజు కూలీ పోతుంది. దర్గాకైతే సాయంత్రం పనయ్యాక వెళ్లొచ్చు. అందుకే తాయెత్తు కట్టించారని కోప్పడకు. తాయెత్తు చేతికుండనీ, డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లమను. గుంటూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, మొదటిసారి నువ్వు తోడెళ్లు. ఈలోపు 14416కి ఫోన్ చేయించు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. కట్టెయ్యడం, కొట్టడం మాత్రం వద్దని గట్టిగా చెప్పు. చచ్చిపోతానంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వాళ్ల అమ్మకి ఒక మాట చెప్పు. చెన్నైలో స్కార్ఫ్ అనే మానసిక వైద్య సంస్థవాళ్లూ, కెనడాలో మాంట్రియల్‌వాళ్లూ ఒకే తరహా వైద్యం ఇచ్చి పోల్చి చూశారు. ఇంట్లోవాళ్లు చికిత్సలో ఎక్కువగా కలిసొచ్చింది చెన్నైలోనే. ఆవిడ పక్కన కూర్చుని అన్నం తినిపించడం కూడా వైద్యంలో భాగమే. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని ఎవరన్నా అంటే వినొద్దను.

హాజరు తక్కువైందని పేరు కొట్టెయ్యకుండా ప్రిన్సిపాల్‌గారితో నువ్వే మాట్లాడాలి. చదువు మధ్యలో పోతే తర్వాత వాడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. వాళ్ల నాన్నకి నా నంబరివ్వు. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక ఎప్పుడు చేసినా ఎత్తుతాను, మిస్డ్ కాల్ ఇచ్చినా చాలు.

ఇట్లు,
నీ అమ్మాయి